ఎడమ పక్క మడత

ఆర్ల్ ఊళ్ళో శనివారం సంతకి ఎవరు ఏం తొడుక్కొచ్చినా అడిగేవాడు లేడు. మోకాళ్ళ దగ్గర చినిగిన జీన్స్‌తో రావచ్చు, రాత్రి పడుకున్న పైజమాతోనే లేచి రావచ్చు. అంత ఉదారమైన సంతలో, మార్చి నెల మొదటి శనివారం, మేకపాల చీజు అమ్మే క్లారిస్ పిస్తా రంగు రవిక తొడుక్కుని తన బల్ల వెనక నిలబడేసరికి జనం నడక ఆగిపోయింది.

రవిక అంటే ఏదో రవిక కాదు. ఒంటికి అతుక్కుని, నడుం కింద నాలుగు వేళ్ళు విచ్చుకుని, మోచేతుల దాకా చేతులుండే పాతకాలపు కరాకో. రెండొందల ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఊరి ఆడవాళ్ళు తొడిగినది. ఇప్పటికీ ప్రతి ఇంటి బీరువాలోనూ ఒకటుంటుంది, పండగలకి బయటికొస్తుంది. వచ్చినప్పుడు మాత్రం ఒంటరిగా రాదు. పాదాల దాకా పావడా, భుజాల మీద తెల్లటి మల్లు గుడ్డ, ఎత్తుగా చుట్టిన జుట్టు, దానికి రిబ్బను, ఇవన్నీ ఉంటేనే కరాకో. చేతికి గడియారం ఉండకూడదు, నల్ల కళ్ళద్దాలు ఉండకూడదు, నోట్లో చూయింగ్ గమ్ ఉందో ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టే. అలాంటి కరాకోని క్లారిస్ నీలం జీన్స్ మీద తొడిగింది. కాళ్ళకి రబ్బరు బూట్లు, ముందు ఏప్రన్.

ఎదురుగా ఆలివ్ కాయలమ్మే బాస్తియాన్ ముసలాయన పద్ధెనిమిదేళ్ళుగా ఆమెని ఏడిపించడమే పనిగా పెట్టుకున్న మనిషి. అలాంటి అవకాశం వదులుకుంటాడా?

"ఏమ్మా, పైన చూస్తే ముత్తవ్వ, కింద చూస్తే మనవరాలు. మధ్యలో మా క్లారిస్ ఎక్కడ పోయింది?"

"మధ్యలో నడుం ఉంది కదా బాస్తియాన్, అదే నేను. చాలా ఏళ్ళ తర్వాత కనిపించిందని గుర్తుపట్టలేదు మీరు."

నడుం మాట నిజమే. పద్ధెనిమిదేళ్ళు క్లారిస్ ఆ బల్ల వెనక నల్లటి జిప్పు కోటులోనే నిలబడింది. నల్లదైతే మురికి కనపడదని మొదట్లో కొన్నది, తర్వాత తను కూడా కనపడటం మానేసింది. కిందటి జూలై పండగలో ఉల్లిపొర రంగు కరాకో, వంగపూ రంగు పావడా వేసుకుని ఊరేగింపులో నడిచింది. ఇంటికొచ్చి అవన్నీ విప్పి, మళ్ళీ ఆ నల్ల కోటులో చేతులు దూరుస్తూ అద్దంలో చూసుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది. ఏడాదికి మూడు రోజులు మనిషిలా ఉండి, తక్కిన రోజులన్నీ గోనెసంచిలా బతకడమేమిటని తనని తానే తిట్టుకుంది.

శీతాకాలమంతా కుట్టింది. పట్టు జోలికి పోలేదు, మెత్తటి నూలు తీసుకుంది. మెషీన్‌లో పడేసి ఉతుక్కోవాలి మరి. పిస్తా రంగుది ఒకటి, ఉల్లిపొర రంగుది ఒకటి, లేత నిమ్మపండు రంగుది ఒకటి. పాతకాలం వాళ్ళు ముందు వైపు గుండుసూదులతో మూసేవారు. పొద్దున్నే నాలుగు మేకలు పొడుస్తుంటే సూదులు కూడా ఎందుకని హుక్కులు పెట్టుకుంది. నడుముకి కట్టుకునే పాతకాలపు గుడ్డ జేబు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుకుంది, ఫోను అందులో సరిగ్గా పట్టింది. లేత రంగు పక్కన ముదురు నీలం ఉంటే పండగ వేషంలా కనపడదని రెండు రోజుల్లో కనిపెట్టింది. నిమ్మపండు రంగు మీదికి బూడిద రంగు ప్యాంటు ఎంత బాగా కుదిరిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఇంకొకటి కూడా చేసింది. ఎడమ చంక కింద మడత తీసేసింది.

ఆ మడత సంగతి చెప్పాలి. ఊళ్ళో ఉడుపుల సంఘం ఒకటుంది. దాని హాల్లో, గాజు పెట్టెలో, పిస్తా రంగు పట్టు కరాకో ఒకటుంది. క్లారిస్ అవ్వ ఫిలొమెన్ నలభై ఏళ్ళ కిందట చూపించుకోండని సంఘానికి ఇచ్చినది. ఊళ్ళో అంతకంటే పాతది లేదు. ఆ కరాకోకి ఎడమ పక్క, చంక కింద, రెండు వేళ్ళ వెడల్పున ఒక మడత ఉంది. కుడి పక్క లేదు. పెళ్ళినాడు వధువు గుండె ఉన్న వైపు కాస్త చోటు వదిలిపెట్టి వేయించుకునే మడత అని సంఘం పెద్ద మదామ్ జోఫ్రే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు, గుండె మడత అని పేరు పెట్టింది. అప్పట్నుంచి ఆర్ల్‌లో కుట్టిన ప్రతి కరాకోకీ ఆ మడత ఉండాల్సిందే. స్కేలు పెట్టి కొలిచేది కూడా ఆవిడే. గాజు పెట్టె మీద చీటీ కూడా ఆవిడే రాసింది: "పెళ్ళి ఉడుపు. ఒక్కసారే తొడిగినది."

ఏప్రిల్‌కల్లా సంతలో రంగు మారడం మొదలైంది. మందుల షాపు ఆవిడ తెల్ల కోటు కింద వంగపూ రంగు కరాకో తొడిగింది. చేపలమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్ళు క్లారిస్ దగ్గర కాగితం నమూనాలు పట్టుకెళ్ళారు. ఒక స్కూలు టీచరమ్మ లేత నీలం దాన్ని సైకిలు మీద వేసుకు తిరిగింది. అది చూసి సంఘంలో పెద్దవాళ్ళకి రెండు రోజులు అన్నం సహించలేదట.

అప్పుడు వచ్చింది మదామ్ జోఫ్రే. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, వెన్ను నిట్టనిలువుగా ఉంటుంది. జీవితమంతా కుట్టుపని చేసి చేసి కుడి చేతి నడిమి వేలు కాస్త వంగిపోయింది. క్లారిస్ మొహం చూడలేదు, రవిక చూసింది. అంచులు చూసింది, భుజం అతుకు చూసింది. కుట్టు బాగుందని ఆవిడ కళ్ళలో ఒక్క క్షణం కనపడింది. ఆ తర్వాత ఎడమ చంక కింద చూసింది.

"మడత ఏది?"

"తీసేశాను మదామ్. పెట్టెలు మోసేటప్పుడు అడ్డమొస్తోంది."

"పెట్టెలు మోయడానికి కాదు అది. పెళ్ళిలో ఒక్కసారి తొడిగి దాచుకున్న మనిషి గుర్తు. దాన్ని తెచ్చి చీజు వాసనలో ముంచావు. పూర్తిగా వేసుకో, లేదా ముట్టుకోకు."

క్లారిస్ మాట తడబడకుండానే జవాబు చెప్పింది. బీరువాలో ఉన్నప్పుడు దానికి నాఫ్తలీన్ వాసన వస్తుందని, తనకైతే చీజు వాసనే నయమని అంది. బాస్తియాన్ కిసుక్కున నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. క్లారిస్ కూతురు అగాత్‌కి పదహారు నిండాయి. జూలై మొదటి ఆదివారం ఆ పిల్ల రిబ్బను పుచ్చుకోవాలి. అంటే మొదటిసారి పెద్దవాళ్ళలా జుట్టు ఎత్తి చుట్టుకుని దానికి రిబ్బను కట్టుకోవాలి. ఆ రిబ్బనుకి సూదులు గుచ్చేది తల్లి. క్లారిస్‌కి వాళ్ళమ్మ గుచ్చింది, వాళ్ళమ్మకి ఫిలొమెన్ అవ్వ గుచ్చింది. ఉడుపుని అవమానించిన మనిషి చేతి మీదుగా రిబ్బను ఇవ్వడం కుదరదనీ, క్లారిస్ తన తీరు మార్చుకోకపోతే అగాత్‌కి సంఘం తరఫున మదామ్ జోఫ్రే గుచ్చుతుందనీ ఉత్తరంలో ఉంది.

అగాత్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి వంటగది బల్ల మీద పెట్టింది. తల్లి జీన్స్ మీద కరాకో తొడిగినందుకు స్కూల్లో ఇప్పటికే బోలెడు మాటలు పడింది. మూడేళ్ళుగా జుట్టు కత్తిరించకుండా పెంచుకుంది, ఆ ఒక్క రోజు కోసం.

"రెండు నెలలే కదమ్మా. ఆ నల్ల కోటే వేసుకో. నాకు ఆవిడ గుచ్చితే వద్దు. నువ్వే గుచ్చాలి."

తెల్లారేసరికి క్లారిస్ నిర్ణయం అయిపోయింది. ఊరు ఏమనుకుంటే తనకేం, కానీ కూతురు తలలో మొదటి సూది వేరే మనిషి గుచ్చడం ఆమె భరించలేదు. శనివారం నల్ల కోటులో సంతకి వెళ్ళింది. మందుల షాపు ఆవిడ ఆమెని చూసి తల తిప్పుకుంది. బాస్తియాన్ ఏడిపించడం మానేసి, ఆలివ్ కాయలు కాగితంలో కట్టి ఊరికే చేతిలో పెట్టాడు. ఆ జాలికే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ మండింది.

మే నెల గడిచింది. జూన్‌లో ఒక ఆదివారం, మూడు నూలు కరాకోలనీ ఉతికి, చిరుగులు కుట్టి, బీరువాలో పెట్టేద్దామని కూర్చుంది. చిరిగిన బట్టని లోపల పెట్టే అలవాటు వాళ్ళింట్లో లేదు. పిస్తా రంగుదే ఎక్కువ తొడిగింది, సంతలోనే కాదు, మేకల పాకలోనూ రోజూ అదే. అందుకే అదే ఎక్కువ అరిగింది. ఎడమ చంక కింద అరచెయ్యంత మేర నూలు జల్లెడ అయిపోయింది. ఎందుకో ఆలోచించక్కర్లేదు. చీజు పెట్టె ఎత్తితే ఎడమ నడుం మీదే పెట్టుకుంటుంది, పై అంచు చంక కిందే రాసుకుంటుంది. కుడి పక్క బట్ట కొత్తదానిలా ఉంది. ఆ అరిగిన చోటుకి వెనక పాత ఏప్రన్ ముక్క ఒకటి అతికింది. బయటికి జల్లెడ కనపడకుండా మంచి బట్టని దాని మీదికి లాగి మడిచి కుట్టింది. దారం కొరికి, రవికని ఎత్తి పట్టుకుని చూసింది.

చూసి అలాగే ఉండిపోయింది. ఎడమ పక్క, చంక కింద, రెండు వేళ్ళ వెడల్పున ఒక మడత ఉంది.

సంఘం హాల్లో తనిఖీ ఎప్పుడూ పండగకి ముందు ఆదివారం జరుగుతుంది. రిబ్బను పుచ్చుకోబోయే ఆడపిల్లలు ఏడుగురు, వాళ్ళ తల్లులు, అత్తలు, పిన్నులు. పొడవాటి బల్లల మీద బట్టలన్నీ పరిచి ఉంటాయి. మదామ్ జోఫ్రే ఒక్కొక్కటీ ఎత్తి చూస్తుంది, స్కేలు తీస్తుంది, తల ఊపుతుంది. అగాత్‌ది ఉల్లిపొర రంగు సన్నని నూలు కరాకో, తల్లి కుట్టినదే, మడతతో సహా. ఆవిడ కొలిచింది. రెండు వేళ్ళు. తల ఊపి పక్కన పెట్టింది.

క్లారిస్ సంచిలోంచి తన పిస్తా రంగు రవిక తీసి గాజు పెట్టె పక్కన పరిచింది. తప్పైపోతే సూదులు పట్టుకునే ఆ కాస్త ఆశ కూడా పోతుందని ఆమెకి తెలుసు. అగాత్‌కీ తెలుసు, పొద్దున్నే కూర్చోబెట్టి అంతా చెప్పింది. కాసేపు గోళ్ళు కొరుక్కుని, అడుగమ్మా అంది ఆ పిల్ల.

"మదామ్, ఈ పెట్టె తెరవండి. లోపలున్నది మా అవ్వది. అడిగే హక్కు నాకుంది."

"ఎందుకు?"

"ఇది నేను మార్చిలో కుట్టింది. మడత లేదని తిట్టారు మీరు. ఇప్పుడు చూడండి. నేను వేద్దామని వేసింది కాదు, అరిగితే వచ్చింది."

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మదామ్ జోఫ్రేకి మాత్రం అర్థమైంది. ఎంతైనా కుట్టుపని మనిషి. నూలు రవికని తిరగేసి ఏప్రన్ ముక్క చూసింది, కుట్టు మీద వేలు పోనిచ్చింది, తలెత్తి గాజు వెనకున్న పట్టు రవిక వంక చూసింది. కుదరదు అనొచ్చు. అది పాత పట్టు, గాలి తగిలితే పాడవుతుంది అనొచ్చు, అందరూ నమ్ముతారు. కానీ మెడలో గొలుసుకున్న తాళంచెవి తీసింది.

"కత్తెర నేను పట్టుకుంటాను. ఇంకెవరి చెయ్యీ దీని మీద పడకూడదు."

పట్టు రవిక లోపలంతా తెల్లటి అస్తరు ఉంది. తర్వాతెప్పుడో ఎవరో వేసినది. అందుకే ఇన్నేళ్ళూ లోపలి సంగతి ఎవరికీ తెలియలేదు. మదామ్ జోఫ్రే తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఎడమ చంక కింద అస్తరు కుట్లు ఒక్కొక్కటీ కత్తిరించింది. నాలుగు వేళ్ళ మేర తెరుచుకుంది. లోపల పట్టు జల్లెడ అయిపోయి ఉంది. దాని వెనక మోటు నీలిగళ్ళ గుడ్డ ముక్క అతికి ఉంది. ఏ వంటగది ఏప్రన్‌లోంచో చింపినది. కుట్లు పెద్దపెద్దవి, వంకరటింకరవి. పని మధ్యలో గబగబా వేసుకున్నవి. ఏ పెళ్ళికూతురి దర్జీ కూడా అలా కుట్టడు. మడత మూలలో ఏదో వేలికి గుచ్చుకుంటే ఆవిడ చేతితొడుగు తీసేసి, వట్టి వేళ్ళతో దాన్ని లాగింది. గోరంత పుల్ల ముక్క.

అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది.

"బుట్ట పుల్ల," అంది. "బుట్ట ఎడమ నడుం మీద పెట్టుకునేది. పుల్లలు గుచ్చుకుని గుచ్చుకుని పట్టు పోయింది. ఎడమ పక్కే ఎందుకు, క్లారిస్?"

"కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా మదామ్. అమ్మేది ఆ చేత్తోనే కదా."

మదామ్ జోఫ్రే కుర్చీలో కూర్చుంది. ఆవిడ కూర్చోవడం ఆ హాల్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"మా అమ్మ చాకిరేవులో పనిచేసేది. మీలో ఎవరికీ తెలీదు, నేనే చెప్పలేదు. తడి బట్టల గంప ఎడమ పక్కే పెట్టుకునేది. ఆమె జాకెట్లన్నిటికీ ఎడమ పక్క అతుకే. పదేళ్ళ వయసులో అవి నేనే కుట్టేదాన్ని." ఒళ్ళో ఉన్న పట్టు రవికని నిమిరింది. "నలభై ఏళ్ళు రోజూ దీని ముందు నిలబడ్డాను. స్కేలు పెట్టి కొలిచాను. చేత్తో కుట్టినదాన్ని, నాకు తెలియద్దూ? ఈవిడ పెళ్ళికూతురేమిటి. మా అమ్మలాంటి మనిషి."

వెనక ఎవరో చిన్నపిల్ల తన కరాకో మడత తడుముకుని ఫక్కుమంది. వాళ్ళమ్మ మోచేత్తో పొడిచింది. కానీ అప్పటికే నవ్వు ఆ తల్లికీ అంటుకుంది, ఆమెనుంచి పక్కవాళ్ళకి. ఊరు ఊరంతా నలభై ఏళ్ళు ఒక బుట్ట మోసే మనిషి వేసుకున్న అతుకుని స్కేలుతో కొలుచుకుని, పట్టులో కుట్టించుకుని, గుండె మీద పెట్టుకుని ఊరేగింది. నవ్వక ఏం చేస్తారు? మదామ్ జోఫ్రే కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. పెట్టె మీద చీటీ పీకేసి నాలుగు ముక్కలు చేసి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఉత్తరం మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడే గుండుసూదుల డబ్బా తీసుకొచ్చి క్లారిస్ చేతిలో పెట్టింది.

క్లారిస్ ఇంటికి నడిచి రాలేదు, గాలిలో తేలి వచ్చింది. అంత సంతోషం ఆమె ఒంటికి ఏ పండగా ఇవ్వలేదు.

జూలై మొదటి ఆదివారం ఉత్తరం నుంచి కొట్టే మిస్త్రాల్ గాలి ఊరిని ఊపేస్తోంది. పావడాలు పట్టుకోవడమే అందరికీ పనైపోయింది. చర్చి పక్క వసారాలో అగాత్ స్టూలు మీద కూర్చుంది. క్లారిస్ నోట్లో సూదులు పెట్టుకుని కూతురి జుట్టు ఎత్తి చుట్టి, రిబ్బను తిప్పి, మొదటి సూది గుచ్చింది. రెండోది గుచ్చింది. మూడోది గుచ్చేటప్పుడు కళ్ళు మసకబారితే వేలికి గుచ్చుకుంది. కాస్త ఆగి మళ్ళీ గుచ్చింది. అగాత్ లేచి నిలబడింది.

మదామ్ జోఫ్రే వచ్చింది. పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మల్లు గుడ్డ సరిచేసింది. తర్వాత, ఆ మోకాళ్ళతో ఎలా వంగిందో గానీ, నేల మీద మోకరించి నడుముకున్న కత్తెర తీసింది. అగాత్ బెదిరి తల్లి వంక చూసింది. ఆవిడ ఆ పిల్ల ఎడమ చెయ్యి పైకెత్తి, చంక కింద మడత కుట్లు ఒక్కొక్కటీ కత్తిరించి, దారం పీకేసి, బట్టని అరచేత్తో సాపు చేసింది.

"ఇది ఇప్పుడే వద్దు. దీన్ని తొడుగు. బాగా తొడుగు. మడత దానంతటదే వస్తుంది."

పైశనివారం సంతలో క్లారిస్ నిమ్మపండు రంగు రవికలో బల్ల సర్దుతోంది. ఎదుటి బల్ల దగ్గర మదామ్ జోఫ్రే వంగపూ రంగు కరాకో, బూడిద రంగు ప్యాంటు వేసుకుని, చేతికి గడియారం కూడా పెట్టుకుని, నేరేడు పళ్ళంత ఆలివ్ కాయలు పుల్లగా ఉన్నాయని బాస్తియాన్‌తో తగువు పెట్టుకుంది. అగాత్ ఆలస్యంగా లేచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఉల్లిపొర రంగు రవిక, కింద జీన్స్, జుట్టు నిన్నటి జడే.

"అమ్మా, ఇటివ్వు," అని వ్యానులోంచి చీజు పెట్టె లాక్కుని ఎడమ నడుం మీద పెట్టుకుంది.